రంగు పడకముందే చెప్పండి!

పోచంపల్లి చీర మొదలయ్యేది మగ్గం మీద కాదు, గ్రాఫ్ కాగితం మీద. అక్కడ గీసుకున్న డిజైను ప్రకారమే పోగులకు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. కాగితం మీద తప్పు దొర్లితే రబ్బరు చాలు. రంగు పట్టిన పోగుల మీద... ఏ రబ్బరూ పనిచేయదు!

తెలుగు అక్షరాలు డిజైన్ చేయడం నేర్చుకునేవాళ్లకూ ఇదే మొదటి పాఠం. ప, ఫ, ష... మూడింటికీ ఒళ్లు ఒకటే, తేడా అంతా చిన్న గీతలోనే. గీసినవాళ్లకి అదేంటో ముందే తెలుసు కాబట్టి తప్పు కనపడదు. అందుకే చిన్న సైజులో అచ్చు తీసి, వేరేవాళ్లతో చదివించాలి. ‘శాస్త్రి’ లాంటి మాటలూ ఉంటే, ఒత్తులు కింది వరసకి తగులుతున్నాయేమో తెలిసిపోతుంది.

పోల్చుకోవడానికి నమూనా కావాలా? 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించిన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరుతో సిలికానాంధ్ర ఉచితంగా అందించిన ‘సురవరం’ ఖతి ఉంది. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన ఆ అక్షరాలు శీర్షికలకు బాగా నప్పుతాయి. వాటి పక్కన మీవి పెట్టి చూసుకోవచ్చు.

మీ పిల్లలెవరైనా అక్షరాలు గీసి తెస్తే ‘బాగుంది’ అని ఊరుకోకండి. ‘ఇది ఫ అనుకున్నా, ప అటగా!’ అనండి. దిద్దుకోవడానికి పనికొచ్చే మాట అదే.