తప్పు గన్నర్‌దేనా?

కుర్ర అధికారిగా ఉన్నప్పుడు మా ట్యాంకుల్లో ఒకదాని గురి పదేపదే తప్పేది. పిడిని కొద్దిగా తిప్పితే టరెట్ కదలదు. ఇంకాస్త తిప్పితే లక్ష్యాన్ని దాటిపోతుంది. గన్నర్‌ను గట్టిగా మందలించాను. తీరా చూస్తే లోపం పిడి దగ్గరి కంట్రోల్‌ది. చిన్న ఆదేశాలను అది మింగేస్తోంది.

ఆదేశం రెట్టింపైతే ఫలితం రెట్టింపు కాకపోవడాన్ని ఇంజినీర్లు నాన్‌లీనియారిటీ అంటారు. ఇలాంటి యంత్రానికి గణిత నమూనా కట్టేటప్పుడు అది ఎక్కడుందో ముందు తేల్చాలి. ఆదేశం ప్రవేశించేచోట ఉంటే హామర్‌స్టీన్ నమూనా. కదలికను కొలిచే సెన్సర్‌లో ఉంటే వీనర్ నమూనా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమాన విధ్వంసక ఫిరంగుల గురిపై పరిశోధించిన నార్బర్ట్ వీనరే ఈయన. కొలతల నుంచి హామర్‌స్టీన్ నమూనాను రాబట్టే పద్ధతిని 1966లో గాల్‌మన్‌తో కలిసి ప్రచురించింది మద్రాసులో పుట్టిన కుంపటి నరేంద్ర.

ఎంపికకు తేలికైన పరీక్ష ఉంది. నిశ్చలంగా ఉన్న టరెట్‌కు ఒకసారి చిన్న ఆదేశం, ఒకసారి పెద్దది ఇచ్చి అలాగే ఉంచాలి. వేగం గ్రాఫు ఎత్తు మాత్రమే మారి ఆకారం మారకపోతే హామర్‌స్టీన్ వైపు మొగ్గవచ్చు. ఆకారమే మారితే వీనర్ నమూనానో, గేర్ల వదులునో అనుమానించాలి. అయితే రెండు స్థాయులతో ఆగకూడదు. రెండు బిందువుల గుండా సరళరేఖ ఎప్పుడైనా గీయవచ్చు, వంపు దొరకదు.

ఆయుధాలను మనమే తయారుచేసుకుంటున్న ఈ రోజుల్లో ట్రయల్స్‌లో చిన్న ఆదేశాలనూ పరీక్షించాలి. లేకుంటే యంత్రం చేసిన తప్పుకు జవాను మాట పడతాడు. ఆ గన్నర్‌కు నేను క్షమాపణ చెప్పాను, ఆలస్యంగానే.