పేపర్లో క్రికెట్ లెక్క

దిల్‌సుఖ్‌నగర్‌లో చాయ్ దుకాణం ముందు పొద్దున్నే పేపరు చేతులు మారుతుంటుంది. మ్యాచ్ జరిగిన మర్నాడైతే చెప్పనే అక్కర్లేదు. "ఎవరు గెలిచారన్నా? ఎంత కొట్టారు?" అని పక్కవాళ్లను అడుగుతాం. ఇక అడగనక్కర్లేదు. మీకు అక్షరాలు వచ్చు. అంకెలు వచ్చు. స్కోరు మీరే చదవవచ్చు.

ఎల్.బి.నగర్ చౌరస్తా నుంచి నాగోలు మీదుగా పోతే ఉప్పల్ వస్తుంది. అక్కడి స్టేడియంలో 2009 నవంబరు 5న భారత్, ఆస్ట్రేలియా ఆడాయి. ఆ మ్యాచ్ లెక్క చూద్దాం.

ఆస్ట్రేలియా: 350/4 (50 ఓవర్లు)
భారత్: 347 ఆలౌట్ (49.4 ఓవర్లు)

గీతకు ముందున్నవి పరుగులు. గీత తర్వాత ఉన్నవి పడిన వికెట్లు. అంటే ఆస్ట్రేలియా 350 పరుగులు చేసింది. నలుగురు ఔటయ్యారు.

ఓవరుకు 6 బంతులు. 49.4 అంటే 49 ఓవర్లు, ఆపైన 4 బంతులు. ఈ చుక్క రూపాయి పైసల చుక్క కాదు. 49.5 తర్వాత 49.6 అని రాయరు. 50 అని రాస్తారు.

మరి మనవాళ్లకు ఇంకా 2 బంతులు మిగిలాయి కదా, ఎందుకు ఆడలేదు? జట్టుకు 11 మంది. పదిమంది ఔటైతే మిగిలేది ఒక్కరే. జోడీ లేకుండా ఆట సాగదు. దాన్నే ఆలౌట్ అంటారు. 350లో 347 తీసేయండి. మనం ఓడింది 3 పరుగుల తేడాతోనే!

ఇక ఒక్కొక్కరి లెక్క. ఆ రోజు సచిన్ పేరు పక్కన ఇట్లా ఉంటుంది:

సచిన్ (సి) హారిట్జ్ (బి) మెకే 175

'సి' పక్కన పేరు క్యాచ్ పట్టినవారిది. 'బి' పక్కన పేరు బంతి వేసినవారిది. సచిన్ 141 బంతులు ఆడాడు. ఫోర్లు 19, సిక్సర్లు 4. గుణించి చూడండి. ఫోర్లతో 76, సిక్సర్లతో 24. మొత్తం 100. మిగిలిన 75 పరుగెత్తి తీసినవే. ఆయన ఔటయ్యేసరికి 17 బంతుల్లో 19 పరుగులు కావాలి. అవే అందలేదు.

కొందరి పేరు పక్కన 'ఎల్బీ' అని ఉంటుంది. అది మన ఎల్.బి.నగర్ కాదు. మన ఎల్.బి. అంటే లాల్ బహదూర్. ఆటలో ఎల్బీ అంటే, వికెట్లకు తగలబోయే బంతికి కాలు అడ్డం పడి ఔటవడం. 'నాటౌట్' అంటే చివరిదాకా ఔట్ కానివారు.

కింద 'ఎక్స్‌ట్రాలు' అని ఉంటుంది. వైడ్లు, నోబాళ్ల వంటివాటి వల్ల వచ్చిన పరుగులవి. అందరి పరుగులూ, ఎక్స్‌ట్రాలూ కూడితే మొత్తం రావాలి. రాకపోతే పేపర్లో అచ్చు తప్పు పడిందన్నమాట! కిరాణా కొట్టు చిట్టీ కూడా ఇట్లాగే కూడి చూసుకోండి. అంకె అచ్చులో ఉన్నంత మాత్రాన ఒప్పు కాదు.

ఒక్కోసారి 'వికెట్ల తేడాతో గెలుపు' అని రాస్తారు. రెండోసారి బ్యాటింగ్ చేసినవాళ్లు గెలిస్తే అట్లా రాస్తారు. 2005 నవంబరు 16న ఇదే ఉప్పల్‌లో దక్షిణాఫ్రికా మన మీద 5 వికెట్ల తేడాతో గెలిచింది. అంటే వాళ్లవి పదిలో ఇంకా 5 వికెట్లు మిగిలే ఉన్నాయి.

చెప్పండి చూద్దాం
1. 38.5 ఓవర్లు అంటే మొత్తం ఎన్ని బంతులు?
2. 212/7 అంటే ఎంతమంది ఔటయ్యారు?
3. ఈసారి మ్యాచ్ జరిగినప్పుడు పేపరు తీసి, స్కోరు ఇంట్లోవాళ్లకు మీరే చదివి వినిపించండి.