పొలంలో పుట్టి, యుద్ధానికి వెళ్ళి, మళ్ళీ మన మడిలోకి వచ్చిన చైను బండి



పైన వీడియో మా చేలో చైన్ మిషన్‌తో వరి కోస్తున్నప్పుడు తీసింది. మిషన్ నేరుగా పోయినంతసేపు నేలమీద చైను అచ్చులే పడ్డాయి. గట్టు మూల దగ్గర తిరిగే చోట ఒకసారి వీడియో ఆపి చూడండి. మట్టిని పక్కకు తోసేసి గుంట చేసేసింది. ఆ గుంట మీకు చూపించాలనే ఈ వీడియో పెట్టాను. "టైరు మిషన్ అయితే నేల పాడవుతుంది గానీ, చైన్ మిషన్‌తో ఏం కాదు కదండీ?" అని చాలామంది అడుగుతున్నారు. దానికి జవాబు చెప్పాలంటే, ఈ చైను అసలు ఎందుకు పుట్టిందో ముందు తెలుసుకోవాలి.

ఊబి నేలలో పుట్టిన ఆలోచన

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో స్టాక్టన్ అనే ఊరుంది. దాని చుట్టూ ఉన్నది డెల్టా. కుళ్ళిన గడ్డీ రెల్లూ పేరుకుని తయారైన నల్లటి, మెత్తటి నేల. పంటకు బంగారం లాంటిది, కానీ బరువైన బండి దిగితే కూరుకుపోయేది. ఆ ఊళ్ళోనే బెంజమిన్ హోల్ట్ అనే ఆయన ఆవిరి ట్రాక్టర్లు తయారుచేసేవాడు. దిగబడకుండా ఉండాలని చక్రాల వెడల్పు పెంచుకుంటూ పోయాడు. చివరికి ఒక ట్రాక్టరు 46 అడుగుల వెడల్పుకు వచ్చింది. ఇంక దాన్ని తిప్పేదెట్లా, బాగుచేసేదెట్లా?

1904 నవంబరు 24న ఆయన వెనక చక్రాలు తీసేసి, వాటి బదులు చెక్క పలకలు బిగించిన రెండు చైన్లు వేసి పొలంలో నడిపి చూశాడు. బండి దిగబడలేదు. తన రోడ్డు తానే పరుచుకుంటూ, దానిమీదే నడిచి, వెనక నుంచి మళ్ళీ చుట్టేసుకుంది. అది పాకే తీరు చూసి ఒక ఫొటోగ్రాఫర్ గొంగళిపురుగులా ఉందన్నాడట. ఇంగ్లీషులో గొంగళిపురుగును కేటర్‌పిల్లర్ అంటారు. హోల్ట్ 1910లో అదే పేరును రిజిస్టర్ చేయించుకున్నాడు. మనం కషాయాలు కొట్టి తోలే పురుగు పేరు ఆ బండికి అలా వచ్చింది.

పొలం నుంచి యుద్ధానికి

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. పెద్ద ఫిరంగులను బురదలో గుర్రాలు లాగలేకపోతే, బ్రిటిష్ సైన్యం హోల్ట్ ట్రాక్టర్లు తెప్పించుకుంది. వ్యవసాయానికి చేసిన బండి ఫిరంగి లాగింది. అదే చైను మీద ఇనుప పెట్టె కట్టి కందకాలు దాటిస్తే ఎలా ఉంటుందని ఎర్నెస్ట్ స్వింటన్ లాంటి అధికారులు ఆలోచించారు. ఆ పని ఇంగ్లండులో లింకన్ పట్టణంలోని విలియం ఫోస్టర్ కంపెనీకి ఇచ్చారు. వాళ్ళు అంతకుముందు చేసేది ఏమిటో తెలుసా? నూర్పిడి యంత్రాలు!

రహస్యం బయటపడకూడదని, ఇవి నీళ్ళు మోసే ట్యాంకులని చెప్పేవారు. ఆ పేరే నిలిచిపోయింది. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ యుద్ధంలో మొదటిసారి ట్యాంకులు దిగాయి. ఒక్కోటి 28 టన్నులు.

రైతులుగా మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఆ తరవాతి ఏడాది సంగతి. 1917లో బెల్జియంలో పాషన్‌డేల్ దగ్గర ఫిరంగి దెబ్బలకు మురుగు కాలవలన్నీ పాడైపోయాయి. పైన వానలు. ట్యాంకులు ఎక్కడివక్కడ దిగబడిపోయాయి. అదే ఏడాది నవంబరు 20న ఫ్రాన్సులో కాంబ్రే దగ్గర, గట్టిగా ఆరిన నేలమీద, నాలుగు వందలకు పైగా ట్యాంకులు ముందుకు దూసుకుపోయాయి. అవే చైన్లు. తేడా నేలలో ఉంది. నీరు పోయిన నేల మోసింది, నీరు నిలిచిన నేల మింగేసింది.

యుద్ధం అయ్యాక చైను బండి మళ్ళీ పొలాలకు, రోడ్డు పనులకు వచ్చేసింది. 1925లో హోల్ట్ కంపెనీ, దాని పోటీదారు బెస్ట్ కంపెనీ కలిసి కేటర్‌పిల్లర్ ట్రాక్టర్ కంపెనీ అయ్యాయి. ఇనుప పలకల చోట రబ్బరు వేసిన చిన్న వరికోత మిషన్లు జపాన్ మడుల్లో బాగా వాడకంలోకి వచ్చాయి. ఇప్పుడు మన డెల్టాలో తిరిగేవీ ఆ తరహావే.

చైను ఎవరిని కాపాడుతుంది?

ఒక చిన్న లెక్క వేద్దాం. 60 కిలోల మనిషి నిలబడితే రెండు పాదాలూ కలిపి సుమారు 300 చదరపు సెంటీమీటర్లు నేలను తాకుతాయి. అంటే చదరపు సెంటీమీటరుకు 200 గ్రాములు. ఇప్పుడు 3,400 కిలోల చైన్ మిషన్ అనుకుందాం. ఒక్కో చైను 50 సెంటీమీటర్ల వెడల్పు, 170 సెంటీమీటర్ల పొడవున నేలకు ఆనితే, రెండూ కలిపి 17,000 చదరపు సెంటీమీటర్లు. లెక్క కడితే అదీ 200 గ్రాములే! మనిషి నిలబడినట్టే.

అయితే ఇక్కడే మనం మోసపోతాం. ఒకటి, బరువు చైను అంతటా సమానంగా పడదు, లోపలి రోలర్ల కింద ఎక్కువ పడుతుంది. రెండు, పైన ఎంత ఒత్తిడి పడుతుందన్నది చైను వెడల్పును బట్టి ఉంటుంది గానీ, లోతుకు ఎంత దిగుతుందన్నది మొత్తం బరువును బట్టి ఉంటుంది. మనిషి అడుగు బరువు బెత్తెడు లోతులోనే చెదిరిపోతుంది. టన్నుల బరువు మూరెడు లోతుకూ తగులుతుంది. పైన అచ్చు కనపడకపోయినా కింద మట్టి బిగుసుకుంటుంది.

థామస్ కెల్లర్, డానీ ఓర్ అనే శాస్త్రవేత్తలు 2022లో ఒక పరిశోధన ప్రచురించారు. 1958లో సుమారు 4 టన్నులున్న కోత యంత్రం, ధాన్యంతో కలిపి, 2020 నాటికి 36 టన్నులకు చేరిందని అందులో చెప్పారు. టైర్లు వెడల్పు చేసుకుంటూ పోవడంతో పైన ఒత్తిడి పెద్దగా పెరగలేదు, లోపల మాత్రం పెరిగిపోయింది. అవి విదేశాల పెద్ద యంత్రాలు, మనవి అంత బరువుండవు. కానీ మనం కోసేది తడి మడి. తడి మట్టి తక్కువ బరువుకే లొంగుతుంది.

హోల్ట్ చైను వేసింది బండి దిగబడకుండా ఉండటానికి. నేల కోసం కాదు. ఇదొక్కటి గుర్తుంటే చాలు.

మా చేను నేర్పిన పాఠం

నాలుగేళ్ళ క్రితం తుఫాను వస్తుందన్న భయంతో, నీరు పూర్తిగా తీయకుండానే మిషన్ దించాను. తొందర నాదే. తరవాత మినుములు చల్లితే, మిషన్ తిరిగిన గాడి వెంట మొక్క పసుపుపచ్చగా, గిడసబారి నిలబడింది. పక్కన బెత్తెడు దూరంలో నవనవలాడుతోంది. ఇనుప ఊచ గుచ్చి చూస్తే మంచి చోట మూరెడు దిగింది, గాడిలో జానెడుకే ఆగిపోయింది. పార వేస్తే అక్కడ ఒక్క వానపాము లేదు. ఎన్నో ఏళ్ళు జీవామృతం పోసి, ఆకులు కప్పి పెంచుకున్న నేల ఒక్క పూటలో అలా అయిపోయింది. మనకు దున్నిపెట్టేది వానపామే కదండీ!

ఇప్పుడు మేం చేస్తున్నది

కోతకు కనీసం పది రోజుల ముందు నీరు తీసేస్తున్నాం. నల్లరేగడి అయితే ఇంకా ముందే. జానెడు లోతు మట్టి తీసి అరచేతుల మధ్య పాముతాం. పెన్సిలంత సన్నగా తాడులా సాగితే ఇంకా తడి ఉన్నట్టే, మిషన్ దించం. పొడిపొడిగా విరిగితే సరే.

మూలలు ముందే కొడవలితో కోసి, మిషన్ విశాలంగా తిరిగేలా చూస్తాం. ఒక్కచోట గిర్రున తిప్పవద్దని డ్రైవరుకు ముందే చెబుతాం. ధాన్యం పెట్టె నిండేదాకా ఆగకుండా సగంలోనే గట్టు దగ్గర దింపిస్తాం. ట్రాక్టరు ట్రక్కును చేలోకి రానివ్వం. చైను తేలికగా నడిచినా, వెనకాల వచ్చే ట్రక్కు టైర్లు చేసే నష్టం ఎక్కువ.

గట్టిపడిన చోట తడిలో లోతు దుక్కి చేయలేదు. వేసవిలో జనుము, జీలుగ, నవధాన్యాలు వేసి వేళ్ళనే దిగనిచ్చాం. పై పొర రెండేళ్ళకు గుల్లబారింది. లోపలి పొర ఇంకా పూర్తిగా రాలేదు. అందుకే ముందు జాగ్రత్తే మేలు అంటున్నాను.

కోత అయిన వారానికి మీ చేలో కూడా ఊచ గుచ్చి చూడండి. చైను నడిచిన చోట ఎంత దిగింది, నడవని చోట ఎంత దిగింది, మీ నేల రకంతో పాటు వీడియో కింద రాయండి. అందరి కొలతలూ కలిపి ఇంకో వీడియో చేద్దాం.