పెద్ద రక్తనాళం దారి మారితే భయపడాలా?

దగ్గుకో, ఆయాసానికో, ఆపరేషన్‌కు ముందో తీసిన స్కాన్ రిపోర్టులో ఒక్కోసారి "రైట్ సైడెడ్ అయోర్టిక్ ఆర్చ్" అనో, "ఎబరెంట్ సబ్‌క్లేవియన్ ఆర్టరీ" అనో రాసి ఉంటుంది. నలభై, యాభై ఏళ్లు బాగానే ఉన్న మనిషికి పుట్టుకతోనే రక్తనాళంలో తేడా ఉందని చెప్పగానే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. నిజానికి భయపడవలసిన సందర్భాలు కొన్నే. అవి ఏమిటో మీరు తెలుసుకోవాలి.

మామూలుగా ఎలా ఉంటుంది?

గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాన్ని బృహద్ధమని అంటారు. అది పైకి వెళ్లి, విల్లులా ఎడమ వైపుకు వంగి, వెన్నెముక పక్కగా కిందికి దిగుతుంది. చెరకు చేనుకు నీరు పెట్టే పెద్ద కాలువ నుంచి బోదెలు చీలినట్టు, ఆ వంపు నుంచి మూడు కొమ్మలు చీలి తలకు, చేతులకు రక్తాన్ని అందిస్తాయి.

తేడా ఎందుకు వస్తుంది?

తల్లి కడుపులో నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం లోపు ఈ వంపు తయారవుతుంది. మొదట రెండు వైపులా వంపులు ఏర్పడి, అక్కరలేనివి కరిగిపోతాయి. కరగవలసినది మిగిలినా, మిగలవలసినది కరిగినా దారి మారుతుంది. చాలామంది తల్లులకు అప్పటికి గర్భం సంగతే సరిగా తెలియదు. గ్రహణం నాడు బయట తిరిగినందువల్లగాని, దిష్టి వల్లగాని ఇది రాదు. దయచేసి తల్లిని నిందించకండి.

ఏయే రకాలు?

రెండు కొమ్మలు ఒకే మొదలు నుంచి రావడం ఎక్కువమందిలో కనిపిస్తుంది. దానివల్ల సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు. కుడి చేతికి వెళ్లే రక్తనాళం ఎడమ వైపు నుంచి పుట్టి, అన్నవాహిక వెనుక నుంచి దాటి రావడం నూటికి సుమారు ఒకరిలో ఉంటుంది. వంపు కుడి వైపుకు తిరగడం వెయ్యికి ఒకరిలో కనిపిస్తుంది. రెండు వంపులూ మిగిలిపోయి శ్వాసనాళాన్ని, అన్నవాహికను ఉంగరంలా చుట్టుకోవడం ఇంకా అరుదు. అది ఎక్కువగా చిన్నతనంలోనే బయటపడుతుంది.

ఎప్పుడు ఇబ్బంది?

వయసుతో రక్తనాళాలు గట్టిపడి, వెడల్పవుతాయి. అప్పుడు పక్కనున్న అన్నవాహికను నొక్కవచ్చు. ఏళ్ల తరబడి మింగలేక, చివరకు తిండి లేక మరణించిన ఒక స్త్రీలో ఈ కారణాన్ని కనుగొన్నట్టు ఇంగ్లండు వైద్యుడు డేవిడ్ బేఫర్డ్ 1794లో రాశారు. అప్పటికి ఎక్స్‌రే కూడా లేదు. ఇప్పుడు సి.టి. స్కాన్‌లో దారి అంతా తేటగా కనిపిస్తుంది.

ఈ లక్షణాలుంటే ఆలస్యం చేయకండి:

1. నీళ్లు దిగుతున్నా అన్నం ముద్ద, మాంసం ముక్క గొంతు కింద అడ్డుపడటం. దీనికి పుండు, కాన్సర్ వంటి ఇతర కారణాలు కూడా ఉంటాయి. కనుక ముందు ఎండోస్కోపీ అవసరం కావచ్చు.

2. ఉబ్బసం మందులు సరిగా వాడినా పిల్లికూతలు, ఆయాసం తగ్గకపోవడం.

3. చిన్న వయసులోనే బి.పి. ఎక్కువగా ఉండటం, కాళ్లలో నాడి బలహీనంగా ఉండటం. వంపు దాటిన చోట రక్తనాళం సన్నబడితే ఇలా జరుగుతుంది. రెండు చేతులకూ, కాలికీ బి.పి. చూడమని అడగండి.

దారి తప్పిన కొమ్మ మొదట్లో కొందరికి ఉబ్బు ఏర్పడుతుంది. అది పెరిగితే చిరిగే ప్రమాదం ఉంది. ఛాతీలోగాని వీపులోగాని చీల్చినట్టు నొప్పి హఠాత్తుగా వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

చికిత్స ఏమిటి?

ఏ బాధా లేనివారిలో చాలామందికి మందులుగాని, ఆపరేషన్‌గాని అవసరం ఉండదు. కొద్దిపాటి ఇబ్బందికి చిన్న ముద్దలు, మెత్తగా నమిలి తినడం సరిపోవచ్చు. ఉబ్బు ఉంటే డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ స్కాన్ చేయించాలి. ఇబ్బంది ఎక్కువైతే గుండె, రక్తనాళాల శస్త్రవైద్యులు ఆపరేషన్ చేస్తారు. బి.పి. అదుపులో ఉంచుకోండి, పొగ మానండి. గుండెలో వేరే లోపం, ఉబ్బు, సన్నబడటం లేవని డాక్టరు చెబితే పెళ్లికి, కాన్పుకు, పొలం పనికి ఇది అడ్డు కాదు.

ఆ కాగితం పారేయకండి

బుచ్చయ్యపేట, చోడవరం చుట్టుపక్కల పల్లెల నుంచి విశాఖపట్నం కింగ్ జార్జి ఆస్పత్రికి వెళ్లినా, మరెక్కడికి వెళ్లినా పాత రిపోర్టు, ఫిల్ము వెంట తీసుకెళ్లండి. కుడి మణికట్టు నుంచి యాంజియోగ్రామ్ చేయాలంటే ఆ దారి కష్టం కావచ్చు. ముందే తెలిస్తే డాక్టరు ఎడమ చేతినో, తొడనో ఎంచుకుంటారు. థైరాయిడ్ ఆపరేషన్‌లోనూ ఇది ముఖ్యం. కుడి చేతి రక్తనాళం దారి మారినవారిలో గొంతు పలికించే నరం కూడా దారి మారి ఉంటుంది. అది తెగితే గొంతు బొంగురుపోతుంది.

రోగి స్పృహలో లేనప్పుడు ఈ సంగతి చెప్పగలిగేది మీరే. అందుకే ఇంట్లో కనీసం ఇద్దరికి ఇది తెలిసి ఉండాలి.