మన్యంలో షాంపేన్

ఫ్రాన్సులో రీమ్స్, ఎపెర్నే పట్టణాల చుట్టుపక్కల తయారయ్యే షాంపేనుకున్న గౌరవం మరే ద్రాక్షసారాకూ లేదు. పులిసిన ద్రాక్షరసాన్ని సీసాలో పోసి, కాస్త చక్కెరా ఈస్టూ చేర్చి, బిరడా బిగించి మళ్ళీ పులియబెడతారు. పుట్టిన బొగ్గుపులుసు వాయువు పోయే దారిలేక ద్రవంలోనే అణిగి ఉంటుంది. బిరడా తీశారా, బుసబుస! సీసామీద "బ్రూట్" అని ఉంటే లీటరుకు 12 గ్రాములకన్న తక్కువ చక్కెర ఉందన్నమాట. తీపి లేనిదాన్ని మెచ్చుకోవడమే రసికత అని వారి లెక్క.

ఆ బుసబుస మన కొండల్లోనూ ఉంది. 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న సీతంపేట, విజయనగరం జిల్లాలో ఉన్న కురుపాం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. అక్కడి సవర, జాతాపు పల్లెల దగ్గర చేపతోకలాంటి ఆకులతో కనిపించేదే జీలుగు చెట్టు. (పళ్ళు మాత్రం ముట్టుకోకండి, చేతులు దురదలెత్తిపోతాయి.)

పూతగెల కోసి కుండ కడితే కారే రసం మొదట పానకమే. పాత కుండ అడుగున మిగిలిన మడ్డి పాలకు తోడు వేసినట్టు పనిచేసి వెంటనే పులియబెడుతుంది. కుండలో సున్నం పూస్తే పులియదు. అది నీరా, పిల్లలకూ ఇవ్వవచ్చు. పూయనిది పొద్దున తీపి. ఎండెక్కేసరికి నురుగు, చురుకు. సాయంత్రానికి తీపి చచ్చి వగరు తేలుతుంది. బ్రూట్ రుచి ఎరిగినవారికి ఆ వేళే సరి. మర్నాటికి పులుపు తప్ప ఏమీ మిగలదు. షాంపేనుకు ఏళ్ళు చూస్తారు, దీనికి గంటలు చూడాలి.

ఎంచుకోవడమే కష్టం. సీసాకు చీటీ ఉంటుంది, కుండకు దించిన మనిషే చీటీ. దుకాణాల కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము వంటి మత్తుమందులు కలిపిన కేసులు ఎన్నో. 2022 ఫిబ్రవరిలో అప్పటి తూర్పు గోదావరి జిల్లా రాజవొమ్మంగి మండలంలో జీలుగు కల్లు తాగి అయిదుగురు గిరిజనులు చనిపోయారు. అందులో విషం కలిసిందని అనుమానించారు. కనుక చెట్టుకింద, మీ కళ్ళెదుట దించినదే తీసుకోండి. దించినవాణ్ణి ముందు ఒక గుక్క తాగమనండి. మొహమాటం వద్దు.

ఇంటికి తెస్తే గాజుసీసాలో గట్టిగా మూత బిగించకండి, పగులుతుంది. షాంపేను సీసా అంత మందం ఊరికే కాదు, లోపలి ఒత్తిడి అయిదారు వాతావరణాలుంటుంది! చీమలూ తేనెటీగలూ పోయేలా గుడ్డతో వడకట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచితే చాలు. మంచుగడ్డ వేస్తే రుచి పలచబడుతుంది. అడ్డాకు డొప్పలో పోసుకుని, ఉప్పూ కారం చల్లిన వేపుడు సెనగలతో నెమ్మదిగా తాగాలి. ఘాటురోడ్డులో బండి నడపవలసినవారు సెనగలు తింటే చాలు.

జీలుగు పదేళ్ళు పైబడి పెరిగితేగాని పూతకు రాదు. వచ్చాక పైనుంచి కిందికి ఒక్కొక్క గెలే వేస్తూ కొన్నేళ్ళు రసమిచ్చి, ఆఖరి గెలతో చచ్చిపోతుంది. అప్పుడు మొద్దు చీల్చి, లోపలి మెత్తని దూటను దంచి పిండి తీసి, అంబలి కాచుకుంటారు.