యంత్రములో యంత్రము

మా కళాశాల విద్యార్థుల రచనలను అంతర్జాలమున ఉంచవలెనని పూనుకొని, ఒక ఉర్దూ గజలును, రెండు తెలుగు గేయములను అద్దె సర్వరుపై ఎక్కించితిమి. మరునాడు పుట తెరచి చూడగా ఆంగ్ల శీర్షిక తప్ప తక్కినదంతయు ప్రశ్నార్థకముల వరుసయే! రెండు భాషలకును ఒకే గతి పట్టినది. తప్పు మాదే. మా కంప్యూటరులో చక్కగా కనబడినది గనుక అక్కడను అట్లే కనబడునని నమ్మితిమి.

కారణము తరువాత తెలిసినది. మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసులో 5.7 వరకు, మనము వేరుగా కోరనిచో, లాటిన్-1 అను లిపి అమరికయే ఉండెడిది. 2018లో వచ్చిన 8.0తో యూటీఎఫ్8ఎంబీ4 వచ్చినది. లాటిన్-1లో తెలుగునకు గాని ఉర్దూకు గాని చోటు లేదు. కట్టుబాటు సడలిన పాత సర్వరులలో, చోటులేని అక్షరమునకు బదులు ప్రశ్నార్థకమే నిలువయగును. అసలు అక్షరము మరల రాదు. (అక్షరములకు బదులు గళ్ళు కనబడినచో భయపడనక్కరలేదు. అది తరచుగా ఫాంటు లేని లోపమే. అక్షరము భద్రముగానే ఉండును.)

మహేశ్వరము పొలములనుండి చూచినచో శంషాబాదులో దిగు విమానములు కనబడును. వాటిని నడుపువాడు ముందుగా నేలమీది సిమ్యులేటరులో కూర్చుండి పొరపాట్లన్నియు చేసి నేర్చుకొనును. వెబ్‌సైటు నిర్మించువానికి అట్టి సాధనమే వర్చువల్ మెషీను. అనగా మన కంప్యూటరులోనే, సాఫ్టువేరుతో కల్పించిన మరియొక కంప్యూటరు. ఈ ఊహ కొత్తది కాదు. ఒక పెద్ద యంత్రమును పలువురు ఎవరికి వారే సొంతమన్నట్లు వాడుకొనుటకు ఐబీఎం సంస్థ 1972లోనే వీఎం/370ని ప్రకటించినది. మన అవసరము తలక్రిందులు: మనిషి ఒక్కడే, యంత్రములు రెండు కావలెను.

మేము వర్చువల్‌బాక్సును ఎంచుకొంటిమి. మొదట కంప్యూటరు బయాస్‌లో వర్చువలైజేషనును ఆరంభింపవలెను. చాలమంది ఇక్కడనే ఆగిపోవుదురు. 8 జీబీ మెమరీ ఉన్నచో 2 జీబీ అతిథి యంత్రమునకు ఈయవచ్చును. డిస్కు 20 జీబీ అని వ్రాసినను, అవసరమైన కొలది పెరుగు రకమును కోరినచో అంత చోటును ఒక్కసారిగా ఆక్రమింపదు. సర్వరులో ఏ లినక్సు, ఏ రూపము ఉన్నదో సరిగా అదే లోపల నెలకొల్పవలెను. డేటాబేసు రూపము, దాని లిపి అమరిక కూడ అవియే కావలెను. ఇది మరచినచో శ్రమ వృథా.

అతిథి యంత్రపు 80వ పోర్టును మన కంప్యూటరు 8080వ పోర్టునకు కలిపినచో, బ్రౌజరులో లోకల్‌హోస్ట్:8080 అని కొట్టగానే పుట తెరుచుకొనును. ప్రోగ్రాము బయట వ్రాసి లోపల నడుపుటకు ఉమ్మడి ఫోల్డరు అనుకూలము. అయితే అపాచీ నడుచు వినియోగదారుని వీబాక్స్‌ఎస్‌ఎఫ్ సమూహములో చేర్చనిచో అనుమతి లేదనును. దీనికై మేము రెండు సాయంత్రములు పోగొట్టుకొంటిమి.

అన్నిటికంటె మేలైనది స్నాప్‌షాట్. ప్రతి మార్పునకు ముందు దానిని తీసినచో, ఎంత చెడగొట్టినను క్షణములలో పూర్వస్థితి లభించును. ఇంటిల్లిపాదికి ఒక్కటే కంప్యూటరున్న విద్యార్థికి ఈ ధైర్యము చిన్నది కాదు. ఇప్పుడు పలువురు డాకర్ కంటెయినర్లను మెచ్చుచున్నారు. అవి తేలికయైనవే గాని, సర్వరు మొత్తమును కళ్ళారా చూచి నేర్చువారికి వర్చువల్ మెషీనే మంచిదని మా అభిప్రాయము.

2003లో మొదలైన తెలుగు వికీపీడియాకు, ఉర్దూ వికీపీడియాకు ఆధారము మీడియావికీ అను సాఫ్టువేరు ఒక్కటే. దానిపై పనిచేయువారికొరకు మీడియావికీ-వేగ్రంట్ అను పేర సిద్ధమైన వర్చువల్ మెషీనునే తయారుచేసిరి.

రెండవ మారు మేము గజలును, గేయములను ముందుగా అతిథి యంత్రములో నింపి, ఉర్దూ పుటను కుడినుండి ఎడమకు నడుపు గుర్తు చేర్చి, డేటాబేసునుండి మరల తీసి అక్షరమక్షరము సరిచూచితిమి. ఆ యంత్రపు నకలు ఇప్పుడు ప్రయోగశాలలో ఒకే ఫైలుగా ఉన్నది. కావలసినవారు పెన్‌డ్రైవుతో రావచ్చును.