అక్షరం జరిగితే అర్థం మారుతుంది: జీనోమ్ ఫైళ్ల మార్పిడిలో లెక్కలు

మనిషి జీనోమ్ సుమారు 300 కోట్ల అక్షరాల రాత. అందులో కనిపించేవి ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలే. వాటిని వరుసగా చదివి కంప్యూటర్‌లో దాచినంత మాత్రాన ఏమీ బోధపడదు. ఏ జన్యువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, అందులో ప్రొటీన్ తయారీకి పనికొచ్చే ముక్కలేవి అన్న వివరాలను విడిగా ఒక ఫైల్‌లో రాసుకోవాలి. దీన్నే జీనోమ్ అనొటేషన్ అంటారు. పొలాలకు హద్దులు రాసిన రికార్డు ఎలాంటిదో, జన్యువులకు ఈ ఫైల్ అలాంటిది.

చిక్కేమిటంటే, ఈ రికార్డును రాసే పద్ధతి ఒక్కటి కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంతాక్రజ్ శాఖ నడిపే జీనోమ్ బ్రౌజర్‌తో బెడ్ ఫార్మాట్ వాడుకలోకి వచ్చింది. జన్యువుల నిర్మాణాన్ని వివరంగా రాయడానికి జీఎఫ్ఎఫ్3, జీటీఎఫ్ ఫార్మాట్లు ఉన్నాయి. వ్యక్తుల మధ్య కనిపించే జన్యు తేడాలను నమోదు చేసే వీసీఎఫ్, వెయ్యి జీనోమ్‌ల ప్రాజెక్టు అవసరాల నుంచి పుట్టింది. ఒక సాఫ్ట్‌వేర్ ఒక ఫార్మాట్‌నే అడుగుతుంది, మరొకటి ఇంకోదాన్ని కోరుతుంది. అందుకే ఒక ఫార్మాట్ నుంచి మరో ఫార్మాట్‌కు మార్చడం జన్యు పరిశోధకులకు రోజువారీ పని. పైకి చూస్తే ఇది గడులను అటూ ఇటూ సర్దడంలా కనిపిస్తుంది. కానీ ఈ ఫార్మాట్లు అంకెలను ఒకే తీరుగా లెక్కపెట్టవు.

నిండిన ఏళ్లా, నడుస్తున్న ఏడా?

ఒక పాప వయసు అడిగితే ఒకరు ‘తొమ్మిది నిండాయి’ అంటారు, మరొకరు ‘పదో ఏడు నడుస్తోంది’ అంటారు. ఇద్దరూ చెప్పింది నిజమే. లెక్కించే పద్ధతే వేరు.

జీఎఫ్ఎఫ్3, జీటీఎఫ్, వీసీఎఫ్ ఫార్మాట్లది ‘నడుస్తున్న ఏడు’ పద్ధతి. క్రోమోజోమ్‌లో మొదటి అక్షరం నంబరు 1, పదో అక్షరం నంబరు 10. బెడ్‌ది ‘నిండిన ఏళ్ల’ పద్ధతి. ప్రారంభం గడిలో, ఆ ముక్కకు ముందు ఎన్ని అక్షరాలు పూర్తయ్యాయో రాస్తారు. ముగింపు గడిలో, ఆ ముక్కతో కలిపి ఎన్ని పూర్తయ్యాయో రాస్తారు. కాబట్టి పదో అక్షరం ఒక్కదాన్నే సూచించాలంటే జీఎఫ్ఎఫ్3లో ప్రారంభం 10, ముగింపు 10 అవుతాయి. బెడ్‌లో ప్రారంభం 9, ముగింపు 10.

అంటే జీఎఫ్ఎఫ్3 నుంచి బెడ్‌కు మార్చేటప్పుడు ప్రారంభంలో మాత్రమే 1 తీసేయాలి. ముగింపును ముట్టుకోకూడదు. తిరిగి వచ్చేటప్పుడు ప్రారంభానికి 1 కలపాలి. బెడ్ పద్ధతికి ఒక సౌలభ్యం ఉంది. ముగింపులోంచి ప్రారంభాన్ని తీసేస్తే పొడవు నేరుగా వస్తుంది. జీఎఫ్ఎఫ్3లో ఆ తేడాకు 1 కలపాలి. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు బీటా గ్లోబిన్ గొలుసును అందించే హెచ్‌బీబీ జన్యువునే చూద్దాం. ప్రస్తుతం విస్తృతంగా వాడే జీఆర్‌సీహెచ్38 కూర్పులో అది 11వ క్రోమోజోమ్‌పై, జీఎఫ్ఎఫ్3 లెక్కలో 5225464 నుంచి 5227071 వరకు ఉంది. బెడ్‌లో అదే 5225463 నుంచి 5227071. ఎలా లెక్కించినా పొడవు 1608 అక్షరాలే.

ఒకటి తప్పితే ఏమవుతుంది?

సికిల్ సెల్ వ్యాధికి మూలం ఈ జన్యువులోని ఒకే ఒక్క అక్షరం మార్పు. జీఏజీ అనే మూడక్షరాల మాట జీటీజీగా మారి, గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వేలీన్ చేరుతుంది. వీసీఎఫ్‌లో ఈ మార్పు స్థానం 5227002. బెడ్‌లో దాన్ని 5227001, 5227002 అని రాయాలి.

ఎవరైనా 1 తీసేయడం మరచి, బెడ్‌లో 5227002, 5227003 అని రాశారనుకుందాం. ఫైల్ చక్కగా తెరుచుకుంటుంది. ఏ సాఫ్ట్‌వేరూ తప్పు పట్టదు. కానీ ఆ వరుస ఇప్పుడు చూపిస్తున్నది పక్కనున్న 5227003వ అక్షరాన్ని. సికిల్ సెల్ మార్పు ఉన్న వ్యక్తి నమూనాను ఈ జాబితాతో వెతికితే, పక్క అక్షరం మామూలుగానే కనిపించి ‘మార్పు లేదు’ అని ఫలితం రావచ్చు. పైగా ఆ పక్క స్థానం ఖాళీ జాగా కూడా కాదు. అక్కడ జరిగే మార్పు హీమోగ్లోబిన్ సీ అనే వేరే రకానికి దారితీస్తుంది. ఒక అంకె జరిగితే చిరునామా మరో ఇంటిదైపోతుంది.

లెక్క మొదలుపెట్టే చోటు గురించిన గందరగోళం కంప్యూటర్ ఫైళ్లకే పరిమితం కాదు. ఇదే మార్పును పాత పుస్తకాలు ప్రొటీన్‌లో 6వ స్థానంలో ఉందంటాయి, నేటి నామకరణ పద్ధతి 7వ స్థానం అంటుంది. ప్రొటీన్ తయారయ్యాక దాని మొదటి అమైనో ఆమ్లమైన మెథియోనిన్ తొలగిపోతుంది. దాన్ని లెక్కలో కలపకపోతే 6, కలిపితే 7.

దిశ తెలియకపోతే

హెచ్‌బీబీ జన్యువుకు మరో విశేషం ఉంది. అది డీఎన్‌ఏ రెండో పోగుపై, వెనక్కి చదవాల్సిన దిశలో ఉంటుంది. అందుకే జన్యువులో ఏ స్థానంలో టీ వచ్చిందని చెప్పే మార్పు, వీసీఎఫ్‌లో టీ స్థానంలో ఏ వచ్చినట్టు కనిపిస్తుంది. రెండూ ఒకే సంఘటన.

జన్యువు ఏ దిశలో ఉన్నా, ఫైల్‌లో చిన్న అంకెనే ప్రారంభంగా రాస్తారు. హెచ్‌బీబీ నిజంగా మొదలయ్యేది మాత్రం పెద్ద అంకె ఉన్న 5227071 వద్ద. దిశను కూడిక లేదా తీసివేత గుర్తుతో వేరే గడిలో సూచిస్తారు. మూడు గడులే ఉన్న బెడ్ ఫైల్‌కు మార్చినప్పుడు ఆ గుర్తు పోతుంది, జన్యువు పేరూ పోతుంది. ఆ తర్వాత జీఎఫ్ఎఫ్3కి తిరిగి మార్చినా పోయిన సమాచారం వెనక్కి రాదు.

ముగింపు సంకేతం ఎవరి లెక్కలో?

ప్రొటీన్‌కు సంకేతమిచ్చే భాగం చివర ‘ఇక ఆపు’ అని చెప్పే మూడు అక్షరాలుంటాయి. జీఎఫ్ఎఫ్3 వాటిని ఆ భాగంలో కలిపి లెక్కిస్తుంది. జీటీఎఫ్ నియమం ప్రకారం వాటిని విడిగా చూపాలి. అందుకే హెచ్‌బీబీ సంకేత భాగం జీఎఫ్ఎఫ్3లో 444 అక్షరాలు, జీటీఎఫ్‌లో 441. ఈ సంగతి పట్టించుకోకుండా మారిస్తే ప్రతి జన్యువులోనూ మూడేసి అక్షరాలు ఎక్కువో తక్కువో అవుతాయి.

ఈ సంకేత భాగం కూడా ఒకేచోట ఉండదు, మూడు ముక్కలుగా ఉంటుంది. మొదటి ముక్కలో 92 అక్షరాలున్నాయి. మూడేసి చొప్పున చదివితే 30 మాటలు పూర్తయి, రెండు అక్షరాలు మిగులుతాయి. వాటికి తోడుగా రెండో ముక్కలోని తొలి అక్షరాన్ని కలుపుకోవాలి. జీఎఫ్ఎఫ్3 ఈ విషయాన్ని రెండో ముక్క వరుసలో 1 అనే అంకెతో నమోదు చేస్తుంది. బెడ్‌లో దీనికి గడే లేదు. కాబట్టి బెడ్ నుంచి జీఎఫ్ఎఫ్3కి మార్చే ప్రోగ్రాం దాన్ని కొత్తగా లెక్కకట్టాలి.

ఏ కూర్పు, ఏ పేరు?

పాత జీఆర్‌సీహెచ్37 కూర్పులో సికిల్ సెల్ మార్పు స్థానం 5248232. కొత్త కూర్పులోని అంకెకు ఇది 21,230 అక్షరాల దూరం. కూర్పు మారినప్పుడు ఫార్మాట్ మారిస్తే చాలదు, స్థానాలను కూడా కొత్త కూర్పుకు తరలించాలి. లిఫ్ట్‌ఓవర్ వంటి సాధనాలు ఉన్నది ఇందుకే.

పేర్లదీ ఇలాంటి తంటానే. ఒక ఫైల్ క్రోమోజోమ్‌ను ‘11’ అంటే, మరొకటి ముందు ‘సీహెచ్ఆర్’ చేర్చి రాస్తుంది. మనకు రెండూ ఒకటే, కంప్యూటర్‌కు కావు. రెండు ఫైళ్లను పోల్చమంటే ఒక్కటీ కలవలేదని చెబుతుంది. నిజంగా ఫలితం లేదా, పేర్లు కలవలేదా అన్నది చూసేవారే గ్రహించాలి.

సరిచూసుకోవడం ఎలా?

మార్పిడి కోసం జీఎఫ్ఎఫ్‌రీడ్, అగాట్ వంటి ఉచిత సాధనాలు ఉన్నాయి. సొంతంగా రాసుకున్న నాలుగు వరుసల ప్రోగ్రాం కంటే ఇవి నమ్మదగినవి. అయినా పరీక్షించకుండా వదలకూడదు. మార్చక ముందు, మార్చాక ప్రతి జన్యువు పొడవు ఒకటేనా అని చూడాలి. కొత్త ఫైల్‌లోని హద్దుల ప్రకారం అక్షరాలు తీసి ప్రొటీన్‌గా అనువదిస్తే, చాలా జన్యువుల్లో అది మెథియోనిన్‌తో మొదలుకావాలి, మధ్యలో ఎక్కడా ‘ఆపు’ సంకేతం రాకూడదు. ఒక్క అక్షరం జరిగినా ఈ పరీక్షలో బయటపడుతుంది. హెచ్‌బీబీ వంటి బాగా తెలిసిన జన్యువు ఒకదాన్ని కళ్లతో చూసి పోల్చుకోవడం మరీ మంచిది.

మన దేశానికి ఇవి దూరపు సంగతులు కావు. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో సుమారు 10,000 మంది జీనోమ్‌లను చదివారు. ఆ సమాచారాన్ని ఫరీదాబాద్‌లోని భారతీయ జీవ సమాచార కేంద్రంలో భద్రపరిచి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. 2047 నాటికి సికిల్ సెల్ వ్యాధిని నిర్మూలించాలన్న జాతీయ కార్యక్రమం 2023లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని గిరిజన ప్రాంతాలకూ ఈ వ్యాధి బెడద ఉంది. ఊళ్లలో జరిపే తొలి పరీక్షలు రక్తంపైనే జరుగుతాయి, వాటికి ఈ ఫైళ్లతో పని లేదు. కానీ జన్యు సమాచారం పరిశోధనశాల నుంచి వైద్యం వైపు సాగే దారిలో ఇలాంటి ఫైళ్లు ఎన్నో చేతులు మారతాయి, మారిన ప్రతిసారీ ఫార్మాట్ కూడా మారవచ్చు. ఫైల్ అందుకున్నవారు ముందుగా తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఇందులోని అంకెలు నిండిన ఏళ్లా, నడుస్తున్న ఏడా?